ఖరగ్‌పూర్‌లో ఓవర్‌హాలింగుకెళ్ళిన మా పెద్దమ్మ బొమ్మ

ఈ ప్రయాణం చెయ్యాలని నాకు ఏ కోశానా లేదని ముందే చెప్పేస్తున్నాను. ఖరగ్‌పూర్‌కి ఊరు చూద్దామని ఎవరూ వెళ్ళరు. పిల్లల్ని కాలేజీలో దింపడానికి వెళ్తారు, రైలు మారడానికి దిగుతారు, లేదంటే రైల్వేలో పనిచేసే చుట్టాల ఇంటికి పోతారు. నేను మూడో రకం. మా అమ్మకి ఒక్కర్తే అక్క, పైడమ్మ. ఆవిడ భర్త అప్పలస్వామి పెదనాన్న అక్కడి వర్క్‌షాపులో రైలు బోగీలకి రంగులు వేసే పనిచేసి రిటైరయ్యారు. వారమంతా బోగీలకి వేసింది చాలదన్నట్టు సెలవు రోజుల్లో ఇంటి దగ్గర కూర్చుని, ప్లైవుడ్ పలకల మీద ఎనామెల్ రంగులతో పెద్దమ్మ బొమ్మలు వేసేవారు. వాళ్ళ కాలనీలో గోడకి అటు గుజరాతీలు, ఇటు మరాఠీలు, ఎదురుగా బెంగాలీలు. పెద్దమ్మ ఒక్కో ఇంట్లో ఒక్కో చీర అడిగి తెచ్చుకుని, వాళ్ళ చేతే కట్టించుకుని వచ్చి పెరట్లో స్టూలు మీద కూర్చునేదట. అలా ఎర్రంచు తెల్లచీరలో బెంగాలీ పెద్దమ్మ, కాసె పోసి కట్టిన తొమ్మిది గజాల చీరలో మరాఠీ పెద్దమ్మ, పైట ముందుకి వేసుకున్న గుజరాతీ పెద్దమ్మ, ఇలా మొత్తం ఎనిమిది మంది పెద్దమ్మలు తయారయ్యారు.

ఆ ఎనిమిదింటిలో మా అమ్మకి కావలసింది ఒక్కటే. గూడకట్టులో ఉన్నది. గూడ అంటే మా వైపు భుజం. చీరని భుజం మీద ముడేసి, కాస్త పైకి కట్టుకోవడం మా అమ్మమ్మ తరం వాళ్ళ అలవాటు. ఆ బొమ్మలో పెద్దమ్మ కట్టుకున్నది అమ్మమ్మ చీరే. పెద్దమ్మకి ఫొటోలు లేవు. ఉన్న ఒక్క పెళ్ళి ఫొటోలో ఆవిడ ముఖం ఎవరిదో పెద్ద తలపాగా వెనక ఉండిపోయింది. పన్నెండేళ్ళ కిందట పెద్దమ్మ పోయినప్పుడు అమ్మ ఖరగ్‌పూర్ వెళ్ళి, ఆ బొమ్మ ముందు కూర్చుని ఏడ్చి, అడగాలని ఉన్నా ఆ పరిస్థితిలో బావని అడగలేక వచ్చేసింది. రెండేళ్ళ కిందట అమ్మ, "మా అక్క ముఖం నాకు జ్ఞాపకం రావటం లేదే" అని నాతో అంది. అరవై ఆరేళ్ళ మనిషి కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఆ మాటంటే ఇంక నేనేం చేస్తాను. పెదనాన్న పక్కింటి ఆవిడ చేత ఫోనులో ఆ బొమ్మల ఫొటోలు తెప్పించాను. అమ్మ చూసి, ఫొటో సరిగ్గా రాలేదు, ముఖం తెలియడం లేదు, అసలు బొమ్మే కావాలంది. తన మోకాళ్ళతో తను రైలెక్కలేదు. పెదనాన్నకి ఫోన్ చేస్తే వచ్చి తీసుకుపొమ్మన్నారు. కాబట్టి నేను బయలుదేరాను.

దారి సంగతి చెప్తాను. విజయనగరం నుంచి హౌరా వైపు వెళ్ళే బళ్ళు చాలా ఉన్నాయి. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి ఖరగ్‌పూర్. థర్డ్ ఏసీకి వెయ్యి పైచిలుకు అవుతుంది, స్లీపరయితే అందులో సగానికన్నా తక్కువ. నేను శ్రావణ మాసంలో వెళ్ళాను, మీరు వెళ్ళకండి. బాలాసోర్ దాటినప్పటి నుంచి వాన, దిగాక ఉక్కపోత. ఆ స్టేషన్ ప్లాట్‌ఫాం ఎంత పొడుగో అందరికీ తెలిసిందే కదా, కాని నా బోగీ దానికి ఆ చివర ఆగుతుందని మాత్రం నాకెవరూ చెప్పలేదు. గేటు దాకా నడిచేసరికి ఊరంతా తిరిగొచ్చినట్టయింది. బయట టీ తాగి, ఇక్కడ టోటోలంటారే, ఆ బ్యాటరీ రిక్షా ఎక్కి, పెదనాన్న ఉండే నిమ్‌పురా వెళ్ళాలని హిందీలో స్పష్టంగానే చెప్పాను. ఆ బండి నడిపే దాదా, అంటే అన్న, తలూపాడు. ఇరవై నిమిషాలు పోనిచ్చి, చుట్టూ జిరాక్స్ షాపులూ, టిఫిన్ సెంటర్లూ, సైకిళ్ళ మీద కుర్రాళ్ళూ ఉన్న చోట ఆపి, దిగండి అన్నాడు. అది ప్రేమ్ బజార్. ఇంజనీరింగ్ కాలేజీ గేటు. ఇక్కడికి కాదు మహానుభావా నిమ్‌పురా అంటే, తెలుగువాళ్ళు బ్యాగుతో దిగారంటే పిల్లల్ని చూడ్డానికే వస్తారు దీదీ, అందరినీ నేను ఇక్కడికే తెస్తాను, ఇంతవరకూ ఎవరూ కాదనలేదు అన్నాడు. పైగా నాకు పిల్లలు లేరా అని జాలిపడ్డాడు. వెనక్కి తీసుకెళ్ళడానికి మళ్ళీ బేరం. షేరింగులో వెళ్తే మనిషికి ఇరవయ్యో ముప్ఫయ్యో తీసుకుంటారు, నేను మొత్తం బండి మాట్లాడుకుని నూట యాభై ఇచ్చి నోరు మూసుకున్నాను.

దారిలో గోల్‌బజార్‌లో ఆపించాను. బొమ్మ మూడడుగుల ఎత్తుంటుంది, రైల్లో తేవాలంటే చుట్టుకోడానికి ఏదైనా కావాలి కదా. చేపల వాసన, బట్టల షాపుల వాళ్ళ పిలుపులు, కాళ్ళ మధ్యలోంచి దూరిపోయే టోటోలు, పైన వాన. ఆ గందరగోళంలో మందపాటి దుప్పటి ఒకటి, అట్టముక్కలు, తాడు కొన్నాను. కొట్టువాడు నా తెలుగు యాస విని తెలుగులోకి దిగిపోయాడు. వాళ్ళ తాతగారి కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేశారట. దేనికమ్మా ఇయ్యన్నీ అని అడిగితే చెప్పాను. "పెయింటర్ అప్పలసామి గారింటికేటి. ఆయన సేతిలోంచి బొమ్మ బైటికి రావడం నేను సూడనేదు. ఎల్లండి, ఎల్లి సూడండి" అన్నాడు. ఆ మాట అప్పుడే నా మనసుకి పట్టాల్సింది. వాన హడావుడిలో పట్టలేదు.

నిమ్‌పురాలో యార్డు పక్కనుంచి వెళ్ళే సందులో పెదనాన్న ఇల్లు. రెండు గదులు, రేకుల వరండా. తొమ్మిదిన్నరకి చేరాను. వరండాలో చాప మీద చొక్కా లేకుండా, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఆయన కూర్చుని ఉన్నారు. ఎదురుగా రెండు ఇటుకల మీద పడుకోబెట్టిన పలక. పక్కన బకెట్లో నీళ్ళు. చేతిలో వాటర్ పేపరు, అంటే నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితం. పలక మీద నుంచి ఎర్రా పచ్చా కలిసిన బురద లాంటిది కారి గచ్చు మీద పడుతోంది. నన్ను చూసి సంతోషంగా లేచి, రా పాపా, రైలు బాగా వచ్చిందా, అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగారు. నేను ఆ బురద వంకే చూస్తున్నాను. అందులో నాకు చీర అంచు ముక్క ఒకటి కనబడింది.

నేను ఏది తీసుకెళ్ళడానికి వచ్చానో దాన్నే ఆయన గీకేస్తున్నారు. నిన్న పొద్దున్న మొదలుపెట్టారట. ఎందుకండీ అంటే, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూశారు. "అంత దూరం పోయే బొమ్మమ్మా. పాత రంగుతో ఎలాగ పంపుతాను? పి.ఓ.హెచ్. సెయ్యకుండా గేటు దాటనిస్తానేటి?" అన్నారు. రైల్వే వాళ్ళింట పుట్టకపోయినా ఆ మూడక్షరాలూ నాకు తెలుసు. బోగీ కొన్నాళ్ళు తిరిగాక వర్క్‌షాపులోకి లాక్కొచ్చి, విప్పదీసి, పాత రంగు గీకి, సొట్టలు పుట్టీతో పూడ్చి, మళ్ళీ కొత్త రంగేసి పంపడం. ఓవర్‌హాలింగ్ అన్నమాట. పెద్దమ్మ పోయినప్పటి నుంచి ఈ బొమ్మలన్నిటికీ ఆయన వరసగా అదే చేస్తున్నారట. రంగు కాస్త వెలిసిందనిపిస్తే చాలు, ఆ పెద్దమ్మని గోడ మీంచి దించి, రుద్ది, మళ్ళీ వేసి, మేకుకి తగిలిస్తారు. ఒక్కోదానికి మూడు నాలుగుసార్లు అయిపోయింది. మామూలుగా పైపైన రుద్దుతారు కాని ఇది లైను మీదకి పోతోంది కాబట్టి బాగా లోతుగా రుద్దారట. ఆ మాట ఎంతో గొప్పగా చెప్పారు.

ఎప్పటికి అవుతుందని అడిగాను. పుట్టీ ఆరాలి, రుద్దాలి, మళ్ళీ పుట్టీ, మళ్ళీ ఆరాలి, ఆ తర్వాత రంగులు, వార్నిష్. వానాకాలం కాబట్టి పన్నెండు రోజులు వేసుకో అన్నారు. నా తిరుగు రైలు ఆ సాయంత్రమే. ఫోనులో వచ్చి తీసుకుపొమ్మన్నారు కదా పెదనాన్నా అన్నాను, గొంతు పెరగకుండా ఎంత జాగ్రత్తపడినా పెరిగింది. ఆయన ఏ మాత్రం కంగారుపడకుండా, "రమ్మన్నాను, వచ్చినావు. పన్నెండు రోజులుండు, నీకేటి పని" అన్నారు. నేను స్కూల్లో లెక్కల టీచరుని. ఒక్కరోజు సెలవు కోసం హెడ్మాస్టరు గారి ముందు ఎంతసేపు నిలబడ్డానో ఈయనకేం తెలుసు. ఏడవాలో నవ్వాలో తెలియక లోపలికి వెళ్ళి కూర్చున్నాను. బ్యాగులోంచి దుప్పటి పైకి కనబడుతోంది. పెదనాన్న అది చూసి, మంచి నూలు గుడ్డలా ఉంది అని మెచ్చుకుని, తుడుచుకోడానికి ఒక ముక్క చింపుకున్నారు. నేను వద్దనలేదు. అప్పటికే నాకు వద్దనే ఓపిక అయిపోయింది.

లోపలి గదిలో గోడ నిండా మిగతా ఏడుగురు పెద్దమ్మలు. నిజం చెప్పాలంటే చీరలు అద్భుతంగా ఉన్నాయి. బెంగాలీ చీర అంచు మీద ఇస్త్రీ మడత కూడా కనిపిస్తోంది. ఒడియా చీరలో చేపల వరస ఎక్కడా తప్పలేదు. కాని ముఖాల దగ్గరికి వచ్చేసరికి నాకేదో చిరాకుగా అనిపించింది. ఏడు ముఖాలూ ఒక్కలాగే, నున్నగా, తెల్లగా, పెద్ద పెద్ద కళ్ళతో, ఇక్కడ పూజా పందిళ్ళలో కూర్చోబెట్టే అమ్మవారిలా ఉన్నాయి. నేను పెద్దమ్మని చిన్నప్పుడు రెండు మూడు పెళ్ళిళ్ళలో చూశానంతే. ఆవిడ గాజులూ, ఆవిడ తెచ్చే జంతికల డబ్బా గుర్తున్నాయి కాని ముఖం గుర్తులేదు. అందుకని ఇవి ఆవిడలా ఉన్నాయో లేదో తేల్చుకోలేకపోయాను. పక్కింటి మాలతీ దీదీ టీ తెచ్చిచ్చింది. ఆవిడే పెదనాన్నకి రెండు పూటలా వండి పెడుతుంది. నా మొహం చూసి, మీకు కోపం వచ్చింది కదా, నిన్న నేనూ చెప్పాను దాదాకి, ఆ అమ్మాయి వచ్చాక రుద్దుకోండి అని, వింటే కదా అని హిందీలో తనూ కాసేపు విసుక్కుంది. నాకు కాస్త ఊరట కలిగింది.

ఇంక తప్పదని అమ్మకి వీడియో కాల్ చేశాను. సందులో సిగ్నల్ ఉండదు, వరండా చివర మెట్టు మీద నిలబడితే వస్తుంది. విషయం చెప్పాను. నీకోసం వెయ్యి రూపాయలు పెట్టి టికెట్ కొని, వానలో తడిసి, కాలేజీ చుట్టూ తిరిగి వస్తే మీ బావ గారు బొమ్మని గీకేశారు అన్నాను. అమ్మ కళ్ళజోడు వెతికి పెట్టుకుంది. తర్వాత, ఏం మిగిలిందో చూపించు అంది. ఇంకేం మిగులుతుందమ్మా అంటూనే ఫోను పలక మీదకి తిప్పాను. అప్పుడే పెదనాన్న నా దుప్పటి ముక్కతో ఆ బురదంతా తుడిచేశారు. చీర దాదాపు పోయింది. భుజం మీద ముడి సగం ఉంది. ముఖం దగ్గర మాత్రం పైరంగు పోయి, దాని కింది రంగు పోయి, అడుగున ఉన్న పాత పూత బయటపడింది. పొరలు పొరలుగా అరిగిన చోట రంగుల అంచులు వలయాల్లా ఉన్నాయి. మధ్యలో ఒక నల్లటి ముఖం. ఎండలోకి చూస్తున్నట్టు ఎడమ కన్ను కాస్త మూసుకుని, పెదవి ఒక పక్కకి లాగి, ఇంక చాలు లేస్తానన్నట్టు ఉంది. ఎడమ చెంప మీద మూడు నాలుగు చిన్న సొట్టలు.

"దగ్గరగా పెట్టు," అంది అమ్మ. పెట్టాను. ఇంకా దగ్గరగా అంది. ఫోను కదలకుండా పట్టుకోమంది. సరిగ్గా ఆ సమయంలో పెదనాన్న డబ్బాలోంచి పుట్టీ బ్లేడు నిండా తీసుకుని, ఆ చెంప మీద పెట్టడానికి వంగారు. అమ్మ ఫోనులోంచే, "బావా, ఆ బ్లేడు పక్కనెట్టు" అంది. మా అమ్మ ఆ గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పెదనాన్న చెయ్యి అక్కడే ఆగింది. సొట్టలున్నాయి రవణా, పూడ్చకపోతే పైరంగు నిలబడదు, నాలుగు రోజులకే పెచ్చులూడిపోతాది అని ఆయన అమ్మకి నచ్చచెప్పబోయారు.

"ఆ సొట్టలు మా అక్కవి బావా. అమ్మోరు పోసినప్పుడు పడినాయి. ఇద్దరికీ ఒక్కసారే పోసింది. ఒకే మంచం మీద పడుకోబెట్టి, గోక్కోకుండా సేతులకి గుడ్డలు కట్టినారు. అది రాత్రిళ్ళు పళ్ళతో ఆ గుడ్డ ఇప్పేసుకునేది," అంది అమ్మ. అని తన చెంప మీద ఉన్న మచ్చని కెమెరాకి చూపించింది.

పెదనాన్న బ్లేడు పట్టుకునే చూస్తున్నారు. ముప్ఫై ఏళ్ళపాటు ఎక్కడ సొట్ట కనిపిస్తే అక్కడ పుట్టీ పెట్టిన చెయ్యి అది. నున్నగా చెయ్యకుండా ఒక్క బోగీ కూడా ఆ షెడ్డు దాటనిచ్చి ఉండరు. మొదటిసారి పెద్దమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసినప్పుడు ఉన్నవి ఉన్నట్టు వేశారు. ఆవిడ పోయాక, రుద్దిన ప్రతిసారీ ఆ చెంపని పూడ్చి నున్నగా చేశారు. ఎండలో మూసుకున్న కన్ను సరిగ్గా లేదనిపించి తెరిచారు. ఒకసారి తెరిచిన కన్ను మరోసారి ఇంకాస్త పెద్దదయింది. ఆయన బాగుచేస్తున్నాననే అనుకున్నారు.

అక్కడితో అమ్మ ఊరుకుంటే బాగుండేది. మిగతావి కూడా చూపించమంది. ఫోను తీసుకుని లోపలికి వెళ్ళి ఒక్కోటీ చూపించాను. సిగ్నల్ తెగుతూ వస్తూ ఉంది. మరాఠీ చీర బొమ్మ దగ్గర అమ్మ, "ఈవిడెవరు బావా?" అని అడిగింది. నా వెనకే వచ్చిన పెదనాన్న, అదేటి రవణా, మీ అక్కే కదా అన్నారు. గుజరాతీ చీర దగ్గరా అదే అడిగింది. "నవ్వులాటకి అడగటం నేదు. ఈ మనిషి నాకు తెల్దు. ఈ ఏడింటిలో మా అక్క నేదు బావా" అంది. నాకు అమ్మ మీద ఒళ్ళు మండిపోయింది. డెబ్భై అయిదేళ్ళ ముసలాయన, పెళ్ళాం పోయాక ఈ బొమ్మల్ని పట్టుకునే బతుకుతున్న మనిషి, ఆయనతో ఆ మాట అంత నిక్కచ్చిగా అనాలా. ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నం అయింది. మాలతీ దీదీ రుయి చేప పులుసు, అన్నం, పొట్లకాయ వేపుడు తెచ్చింది. మీకు ఖరగ్‌పూర్‌లో తెలిసినవాళ్ళుంటే హోటళ్ళ జోలికి పోకండి, ఇలాంటి ఇంటి భోజనం దేనికీ సాటిరాదు. నేను తిన్నాను, పెదనాన్న కలిపి అలా వదిలేశారు. దీదీ బతిమాలింది, తర్వాత కసిరింది. ఆయన చెయ్యి కడుక్కుని, గోడ మీంచి బెంగాలీ చీర బొమ్మని దించి, వరండాలో ఇటుకల మీద పెట్టి, ముఖం మీద మాత్రమే రుద్దడం మొదలుపెట్టారు. నేను తల పట్టుకున్నాను. ఒకదాంతో పోలేదు, ఇప్పుడు రెండోది కూడా.

కాని ఈసారి ఆయన రుద్దే తీరు వేరుగా ఉంది. నాలుగుసార్లు రుద్దడం, తుడవడం, వంగి చూడటం. మళ్ళీ నాలుగుసార్లు. ఒక పొర పోయి ఇంకో ముఖం వచ్చింది, పెదాలు కాస్త సన్నగా ఉన్నాయి. దీదీని పిలిచి, ఇదేనా అని బెంగాలీలో అడిగారు. దీదీ ఈ పక్కింటికి వచ్చి ఎనిమిదేళ్ళే అయింది. తను బౌదిని ఎప్పుడూ చూడలేదని, వదిన అన్న అర్థంలో ఆ మాట వాడి, పాపం మెల్లిగా చెప్పింది. ఆయన నా వైపు తిరిగారు. నువ్వు సూసినావు కదమ్మా, నీ సిన్నప్పుడు అన్నారు. గుర్తులేదు పెదనాన్నా అన్నాను. అలా చెప్పడం నాకు చాలా కష్టమనిపించింది. మళ్ళీ కాస్త రుద్దారు. ఇంకో ముఖం. దాన్ని ఎంతసేపు చూశారో. కాగితం బకెట్లో పడేసి, నీ ఫోనియ్యి అన్నారు. తనంతట తను ఎవరికీ ఫోన్ చెయ్యని మనిషి. మెట్టు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, అమ్మకి కలిపి ఇచ్చాను.

"రవణా," అన్నారు. ఫోను రెండు చేతులతో పట్టుకున్నారు. "ఎక్కడ ఆపాలో నాకు తెలీటం నేదే. నాను ఎన్నిసార్లు ఏసినానో, అది ఏ రంగు కింద ఉండిపోయిందో తెలీటం నేదు. ఇంకో రెండుసార్లు రుద్దితే కర్ర తేలిపోతాది. నువ్వొచ్చి ఇక్కడ కూకుని సెప్పాల."

అవతల అమ్మ ఏడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. ఈ పొద్దున్న దాకా ఆవిడకి కావలసింది ఒక్క బొమ్మ. అది దొరికింది కూడా, ఎలా ఉండాలో అలాగే, సొట్టలతో సహా. సగం అరిగినదైనా సరే, వార్నిష్ ఒక్క పూత వేయించుకుని దాన్ని నేను ఎలాగోలా తీసుకొచ్చేద్దామని మనసులో లెక్కలు కూడా వేసుకున్నాను. అమ్మ ముక్కు చీదుకుని, నేనొస్తాను, మిగతావి ముట్టుకోకు అంది. "గూడకట్టుది మాత్రం నీ దగ్గరే ఉంచుకో బావా. ఎదురుగా పెట్టుకుని సూస్తుండు. నేనొచ్చేలోపల మళ్ళీ మర్చిపోతావు" అంది. పెదనాన్న అలాగే అన్నారు, బడిలో పిల్లాడిలా.

సాయంత్రం రైలుకి ఖాళీ చేతులతో ఎక్కాను. ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ కాదు, ఒక మూల చిరిగిన దుప్పటి, ఎందుకూ పనికిరాని అట్టముక్కలు, దీదీ కట్టిచ్చిన రొట్టెలు ఉన్నాయి. బయలుదేరే ముందు చూస్తే ఆ బొమ్మ గోడ మీద లేదు. పెదనాన్న మంచం పక్కన కుర్చీలో ఉంది. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళొస్తానంటే తల తిప్పకుండానే జాగ్రత్త పాపా అన్నారు.

రైల్లో పడుకున్నాక కూడా నా కోపం తగ్గలేదు. రెండు రోజులు, అంత ఖర్చు, ఆ నడక, ఆ వాన, ఇంత చేసి తెచ్చిందేమీ లేదు. మా ఇంట్లో ఎవరూ ఏదీ సూటిగా చెయ్యరు. ఒకాయన ప్రేమ కొద్దీ భార్య ముఖాన్ని పన్నెండేళ్ళపాటు పూడ్చి పెడతాడు. ఇంకొకావిడ రెండేళ్ళుగా కావాలి కావాలని నా ప్రాణం తీసిన వస్తువుని, చేతికందాక, ఉంచుకో అంటుంది. కాని అటు దొర్లినా ఇటు దొర్లినా ఎండకి ఒక కన్ను మూసుకున్న ఆ ముఖమే కనిపించింది. నాకు పెద్దమ్మ ఎవరో ఇప్పుడు తెలుసు. ఆవిడకి ఆ స్టూలు మీద కూర్చోవడం అస్సలు ఇష్టం లేదు. అయినా చీరలు అరువు తెచ్చుకుని మరీ, ఆయన కోసం ఎనిమిదిసార్లు కూర్చుంది. ఇంటికొచ్చేసరికి అమ్మ ఈ రైలెక్కనని రెండేళ్ళుగా చెప్పిన అదే మోకాళ్ళకి బెల్టులు కొనిపించుకుని, మందుల డబ్బా సర్దుకుని కూర్చుంది. నన్ను చూడగానే, ఆ చెంప మీద పుట్టీ పెట్టలేదు కదా అని అడిగింది. నేను ఎలా ఉన్నానని మాత్రం అడగలేదు.

ఖరగ్‌పూర్‌కి పెద్దవాళ్ళని తీసుకెళ్ళే వాళ్ళకి ఒక్క సలహా. కింది బెర్తు తీసుకోండి, బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కోండి, ఆ ప్లాట్‌ఫాం మీద వాళ్ళని నడిపించకుండా చక్రాల కుర్చీ చెప్పి పెట్టుకోండి. తిరుగు టికెట్ మాత్రం అప్పుడే చెయ్యకండి. మా అమ్మకి నేను చెయ్యలేదు. ఆవిడ చూసి చెప్పాల్సిన ముఖాలు ఇంకా ఏడున్నాయి.